చిక్కిపోయావేంటే అమ్మాయ్: ఆడపిల్లల ఒళ్ళు, ఆట, మనసు



ఎవరి పేరున ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆవిడ పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రం మీద ఉంది. నేను మాత్రం టీచరమ్మ అనే అంటాను. ఈ మెట్ట ప్రాంతంలో ఆవిడ దగ్గర ఆడుకున్నవాళ్ళెవరూ ఆవిడను పేరుతో పిలిచి ఎరగరు. డ్రిల్లు టీచరమ్మ. మెడలో నల్లపూసల పక్కనే విజిలు. చీరకొంగు నడుముకు బిగించి టెన్నికాయిట్ రింగు విసిరితే నెట్టుకు ఇవతల అందుకోవడానికి మేం ఇద్దరం కావాల్సి వచ్చేది. మన మండలాలు 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి గానీ, ఆవిడ సర్వీసంతా కృష్ణాజిల్లా మెట్టలోనే గడిచింది. నా నోటికీ ఆ పాత పేరే వస్తుంది.

నేను ఆడవాళ్ళ డాక్టర్ని. ముప్పై ఏళ్ళుగా తల్లులు కూతుళ్ళను వెంటబెట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. ఆ గదిలో విన్నదీ, టీచరమ్మ గ్రౌండులో నేర్చుకున్నదీ కలిపి ఈరోజు ఒక్క సంగతి చెప్పాలని వచ్చాను. వ్యాయామం ఆడపిల్ల మనసుకు మేలు చేస్తుంది. ఆ వ్యాయామాన్నే ఒంటికి వేసే శిక్షగా మార్చి ఇస్తే చెరుపు చేస్తుంది. మన ఇళ్ళలో, బళ్ళలో దాన్ని శిక్షగానే ఇస్తున్నాం.

మన పలకరింపు దగ్గర మొదలుపెడతాను. సెలవులకు ఊరొచ్చిన పిల్ల బస్సు దిగి సంచి కింద పెట్టకముందే పిన్ని అడుగుతుంది: "చిక్కిపోయావేంటే అమ్మాయ్, హాస్టల్లో తిండి పెట్టట్లేదా?" మరుసటి సంక్రాంతికి అదే పిన్ని, "కాస్త ఒళ్ళు చేశావే, పెళ్ళీడు పిల్లవి, చూసుకోవాలమ్మా" అంటుంది. రెండూ ప్రేమతో అన్నవే. చిక్కిపోవడమంటే మన ముత్తవ్వల కాలంలో కరువు, జబ్బు, అత్తింటి ఆరళ్ళు. ఆ భయంలోంచి పుట్టిన పలకరింపు అది. వినే పిల్లకు అందేది మాత్రం వేరు. గడప దాటగానే తన ఒళ్ళు తూకానికి పోతుందని ఆమెకు పదేళ్ళకే తెలిసిపోతుంది. చదువు సంగతి ఆ తర్వాత అడుగుతారు, మనసు సంగతి అడగనే అడగరు. గున్నఏనుగని, గడకర్రని, పిల్ల కళగానే ఉంది గానీ కాస్త రంగు తక్కువని పెరట్లోనో పెళ్ళిపందిట్లోనో ఎవరైనా ఎవరి పిల్లనైనా అనేయవచ్చు. మగపిల్లాణ్ణీ అంటారు. వాడు బ్యాటు తీసుకుని గ్రౌండుకు వెళ్ళి మరిచిపోతాడు. ఆడపిల్ల మరిచిపోవడానికి ఎక్కడికి వెళ్ళాలి?

ఇక బడి. మన బళ్ళలో కసరత్తు పిల్లలకు మొట్టమొదట ఏ రూపంలో ఎదురవుతుందో గుర్తు చేసుకోండి. పక్కపిల్లతో మాట్లాడితే గుంజీలు. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. గుంజీ నిజానికి ఎంత మంచి కసరత్తు! తాలింఖానాలో పహిల్వాన్లు బస్కీలని తీసేవీ దాదాపు అవే. అక్కడ బలం కోసం తీసేదాన్ని బడిలో అవమానం కోసం తీయిస్తున్నాం. టీచరమ్మ ఒకసారి మేమందరం వింటుండగానే హెడ్మాస్టరుగారితో అన్నది: "సార్, పిల్లల్ని మీరేమైనా అనండి. నా గ్రౌండ్ని మటుకు శిక్షకి వాడకండి. రేపు వీళ్ళు ఇక్కడికి ఇష్టంతో రావాలి." ఆ మాటలో ఎంత వైద్యం ఉందో డాక్టరునయ్యాక గానీ నాకు తెలియలేదు.

ఆడదాని ఒంటిని తూచడం కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. దాని పాత ఆనవాలు మన ఊరి రాతిలోనే ఉంది. జగ్గయ్యపేట ధనబోడు గుట్ట మీది స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన పలకల్లో ఒకటి లోకప్రసిద్ధం, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఆయన సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, స్త్రీ, గృహపతి, మంత్రి. మొదటిసారి చూసినప్పుడు మా ప్రాంతపు శిల్పి పనితనానికి ఒళ్ళు పులకరించింది. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ లెక్క గుచ్చుకుంది. గృహపతి ధనం తెస్తాడు, మంత్రి ఆలోచన చెబుతాడు, గుర్రం పరుగెడుతుంది. స్త్రీరత్నం పని చూడచక్కగా ఉండటం. పాళీ భాషలోని మహాసుదస్సన సుత్తంలో ఆమె వర్ణన ఉంది. పొడుగూ పొట్టీ కాకూడదు, లావూ సన్నమూ కాకూడదు, మరీ నలుపూ మరీ తెలుపూ కాకూడదట. రెండువేల ఏళ్ళ నాటి ఆ పట్టీనే మన పెళ్ళిళ్ళ పేరయ్యలు ఇవాళ సెల్‌ఫోన్లో పెట్టుకు తిరుగుతున్నారు.

రంగు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పి ముందుకు వెళతాను. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలు రెండేళ్ళకోసారి రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేటకు వస్తాయి. దారి పొడుగునా జనం హారతులు పడతారు. అమ్మవారికి భక్తితో రంగులద్దే ఊరు ఇది. ఈ ఊళ్ళోనే పదిహేనేళ్ళ పిల్ల మొహానికి ఏ క్రీము పూసుకోవాలో తెలియక ఏడుస్తోంది. 1975లో బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్‌లీ అయింది. పేరు మారినంత తొందరగా మన నోళ్ళు మారలేదు.

గ్రౌండు చేజారేది ఎప్పుడు? పిల్ల పెద్దమనిషి అయిన వారంలో. చాప, చిమ్మిలి, పేరంటాళ్ళ పాటలు, ఆ తర్వాత ఓణీల ఫంక్షను, వీధి మొగలో ఫ్లెక్సీ. ముచ్చటగానే ఉంటుంది, నేనేమీ తప్పు పట్టను. ముచ్చట తీరాక ఇంట్లో వినపడే మాట ఒకటుంది, "ఇక ఎగరమాక" అని. కుంటుడుబిళ్ళ, తాడాట, ఖోఖో, చెట్టెక్కడం, అన్నీ ఆ ఒక్క మాటతో ఆగుతాయి. ఒళ్ళు కొత్తగా మారుతున్న ఆ రెండు మూడేళ్ళలోనే పిల్లకు ఆట ఎక్కువ కావాలి. పరుగెత్తేటప్పుడు ఎదిగే ఒళ్ళు తనదిగా అనిపిస్తుంది. ఆపి కూర్చోబెడితే, ఎదురింటివాళ్ళు చూసే వస్తువుగా అనిపిస్తుంది.

మా ఇంట్లోనూ ఆపారు. పదకొండో రోజు దాటాక టీచరమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని, "పెద్దమనిషయిన పిల్ల, ఇంకేం ఆటలమ్మా" అంది. టీచరమ్మ మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టి, "పెద్దమనిషయింది, సంతోషమే పెద్దమ్మా. కాళ్ళు మటుకు పాతవేగా" అంది. నాయనమ్మ నవ్వింది. సోమవారం నేను ఖోఖోకి వెళ్ళాను. అలా ఆవిడ ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో ఈ సభలో ఉన్న అమ్మమ్మలు చెప్పాలి.

ఇది మన ఒక్క ఊరి సంగతే అనుకోవద్దు. ఎదిగే పిల్లలకు రోజుకో గంట ఒళ్ళు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 146 దేశాల వివరాలతో ఆ సంస్థ పరిశోధకులు 2016 నాటి పరిస్థితి లెక్క తేలిస్తే, 11 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 85 మందికి ఆ గంట దక్కడం లేదు. మగపిల్లల్లో 78 మంది. మన దగ్గర పదో తరగతి తర్వాత వచ్చే రెండేళ్ళు ఇంకా కష్టం. బెజవాడ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుఝామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. మెట్లెక్కి దిగడమే వ్యాయామం. ర్యాంకుతో పాటు పది కిలోల బరువూ, నెలసరి తిప్పలూ తీసుకుని బయటికొస్తారు. అప్పుడు మొదలవుతుంది ఇంట్లో "జిమ్‌లో చేరవే" అన్న పోరు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆనవాళ్ళు తీసేసి చెబుతున్నాను. బీటెక్ ఆఖరి ఏడు. ఐదు నెలలుగా నెలసరి లేదని తల్లి తీసుకొచ్చింది. తల్లి భయం వేరు, గది బయటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పరీక్ష చేస్తే ఆ భయానికి ఆధారం ఏమీ లేదు. హిమోగ్లోబిన్ 8 దగ్గరుంది. పదకొండు కిలోలు తగ్గిందని, అందరూ మెచ్చుకున్నారని తల్లే చెప్పింది. పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. పొద్దున గంట, సాయంత్రం గంట ట్రెడ్‌మిల్లు. రెండిడ్లీలు, ఒక పుల్కా. "అన్నం మానేశాను మేడమ్." ఎందుకమ్మా అంటే, ఒక సంబంధం వాళ్ళు బొద్దుగా ఉందని అన్నారట. "ఒక్కరోజు జిమ్‌కి వెళ్ళకపోతే తప్పు చేసినట్టుంటుంది, నిద్ర పట్టదు." తప్పు అన్న ఆ మాట వినగానే నాకు బళ్ళో గుంజీలు గుర్తొచ్చాయి. ఈ పిల్ల తన ఒంటి చేత తనే గుంజీలు తీయిస్తోంది.

ఒంట్లో జరిగేది ఇది. తినేది తక్కువై, ఖర్చయ్యేది ఎక్కువైతే మెదడులోని హైపోథాలమస్ దాన్ని కరువుగా లెక్కిస్తుంది. బిడ్డను మోసే కాలం కాదిది అనుకుని అండాశయాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది, ఎముకల్లో గట్టిదనం పోతుంది. ఇరవై ఏళ్ళలో పోగుచేసుకోవలసిన ఎముక అరవైలో మళ్ళీ దొరకదు. క్రీడాకారిణుల్లో తరచూ కనపడే ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఒక పేరు పెట్టి హెచ్చరించింది. నేను ఆ అమ్మాయికి రాసిన చీటీలో ముందు అన్నం ఉంది, పప్పు ఉంది, గుడ్డు ఉంది, ఐరన్ మాత్ర ఉంది. ట్రెడ్‌మిల్లుకు మూడు నెలలు సెలవు ఉంది. నాలుగో నెలలో నెలసరి వచ్చింది. మనసు తేరుకోవడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది.

దీనికి రెండో వైపు పీసీఓడీ అనే అండాశయాల సమస్యతో వచ్చే పిల్లలు. వాళ్ళకు వ్యాయామం నిజంగా మందే. ఇన్సులిన్ సరిగ్గా పనిచేస్తుంది, నెలసరి దారిన పడుతుంది. బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా తేడా తెలుస్తుంది, కాటా ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పరు. "తగ్గావా? ఎంత తగ్గావు?" అని రోజూ అడుగుతారు. నెల తిరిగేసరికి ముల్లు కదల్లేదని పిల్ల బూట్లు మూలన పడేస్తుంది.

ఇది నా గదిలో కనపడిన వింత అనుకున్నాను కొన్నాళ్ళు. తర్వాత చదివితే ఆస్ట్రేలియాలోనూ ఇదే ఉంది. మేరికా టిగ్గెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరి 2000లో ప్రచురించిన పరిశీలనలో 16 నుంచి 60 ఏళ్ళ ఆడామగా అందరినీ వాళ్ళ వ్యాయామం గురించి, ఒంటి మీది తృప్తి గురించి అడిగారు. మగవాళ్ళలో, పెద్దవయసు ఆడవాళ్ళలో ఎక్కువ వ్యాయామం చేసేవాళ్ళకు తృప్తి ఎక్కువ. 16 నుంచి 21 ఏళ్ళ ఆడపిల్లల్లో మాత్రం తిరగబడింది. ఎక్కువ చేసేవాళ్ళకే తమ ఒళ్ళంటే తృప్తి తక్కువ, తమ మీద గౌరవమూ తక్కువ. కారణం వెతికితే, ఆ వయసువాళ్ళు ఆరోగ్యం కోసమో సరదా కోసమో కంటే బరువు తగ్గడానికి, ఆకారం తీరడానికి చేస్తున్నారని తేలింది. చెమట ఒకటే, ఎందుకు చిందిస్తున్నామన్నది వేరు, ఫలితమూ వేరు. మన పెళ్ళిచూపుల జిమ్ముకు దీనికంటే సూటి వివరణ నాకు దొరకలేదు.

ఫిజీ ద్వీపాల మాట కూడా చెప్పాలి. మద్రాసు రేవు నుంచి గిరిమిటు (ఒప్పందపు) కూలీలుగా మన తెలుగువాళ్ళూ వెళ్ళిన దేశమే అది. అక్కడి మూలవాసులకు నిండైన ఒళ్ళే అందం. ఒకప్పటి మన పల్లెల్లాగే, సన్నబడితే ఇంట్లో చూసేవాళ్ళు లేరా అని అడిగేవారు. 1995లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. హార్వర్డ్ నుంచి వెళ్ళిన ఆన్ బెకర్ అక్కడి బడిపిల్లలను అప్పుడూ, మూడేళ్ళ తర్వాత 1998లోనూ పరీక్షించింది. తిండితో పెనుగులాట మొదలైందని చూపించే పిల్లలు మొదట 12.7 శాతం, తర్వాత 29.2 శాతం. అది ఇంట్లో ఒక మూలన ఉండే టీవీ. మన పిల్లల దిండు కింద పడుకునే ఫోను దానికి ఎన్ని రెట్లో మీరే ఊహించండి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రం గురించి చెప్పింది దీని పక్కన పెట్టి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. మగవాళ్ళలో 16.4. ఆ ఆడవాళ్ళలోనే 36.3 శాతం మంది ఉండాల్సినదానికంటే బరువు ఎక్కువ. రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. లావుగా ఉంది కనుక పుష్టిగా ఉందనుకోవడం ఎంత పొరపాటో, రక్తం లేని పిల్ల చేత అన్నం మాన్పించి పరుగెత్తించడం అంతకంటే పెద్ద పొరపాటు.

కరణం మల్లీశ్వరిని తలచుకోకుండా తెలుగునాట ఈ విషయం మాట్లాడలేం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల. చిన్నతనంలో బక్కగా ఉన్నావు, బరువులు నీవల్ల కాదని తనను పంపేశారని ఆమే చెప్పుకుంది. 54 కిలోల విభాగంలో 1994, 1995లలో ప్రపంచ విజేత అయింది. సిడ్నీకి వెళ్ళే వేళకు లావైంది, పనైపోయిందని పత్రికల్లో రాశారు. 2000 సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. బక్క అన్నప్పుడూ, లావు అన్నప్పుడూ లోకం ఆమె ఒంటిని చూసింది. ఇనుప కడ్డీకి ఆ ఒంటి బలం తప్ప మరేమీ పట్టలేదు.

ఇంకొకరు వరంగల్లు జిల్లా కల్లెడ పిల్ల జీవంజి దీప్తి. మొహం తీరును బట్టి ఊళ్ళో ఆ పిల్లను పిచ్చిదని, కోతి అని వెక్కిరించారు. ఇంటికొచ్చి ఏడ్చేదని తల్లిదండ్రులు చెప్పారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట ఆమె పరుగు పడింది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. అందరూ మొహం చూస్తున్నచోట ఒక్కరు కాళ్ళను చూశారు. మా టీచరమ్మ చేసిందీ ఇదే, పతకాలు రాని పిల్లల విషయంలో.

అందరూ మల్లీశ్వరులు కానక్కర్లేదు. వత్సవాయి, చందర్లపాడు వైపు నుంచి వచ్చే తల్లులు నన్ను ఇంకో ప్రశ్న అడుగుతారు. "తెల్లారి లేచి మిరప కోతల్లో వంగి వంగి నడుము విరుగుతోంది, మాకూ మా పిల్లలకూ ఎక్సర్‌సైజు కూడానా అమ్మా?" న్యాయమైన ప్రశ్న. ఇష్టపడి చేసే కదలికతో మనసు కుదుటపడటం కనిపిస్తోంది గానీ, కూలి కోసం పడే శ్రమతో అలా కనిపించడం లేదని 2017లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు తేల్చారు. ఆటలో ఎప్పుడు ఆపాలో తన చేతిలో ఉంటుంది, పక్కన నవ్వే తోడుంటుంది. మేస్త్రి కేకల మధ్య అవి ఎక్కడివి? కోతలకు వెళ్ళే పిల్లకే సాయంత్రం ఆ అరగంట నవ్వు ఎక్కువ అవసరం.

మనసుకు మేలు అంటున్నాను కదా, ఎంత మేలని మీరు అడగాలి. కుంగుబాటు ఉన్నవాళ్ళ మీద జరిగిన 218 ప్రయోగాలను, 14,170 మంది వివరాలను కలిపి 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. నడక, పరుగు, యోగా, బరువులెత్తడం, అన్నీ పనిచేశాయి. డాక్టరుగా ఒక హద్దు కూడా చెప్పాలి. దిగులు రెండు వారాలు దాటి, నిద్రా తిండీ చెడి, బతకాలని లేదన్న తలపు వస్తే గ్రౌండు ఒక్కటే చాలదు, వైద్యం కావాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలూ, ఈ నంబరు రాసుకోండి.

టీచరమ్మ పోయాక వాళ్ళబ్బాయి నాకొక నోటుబుక్కు ఇచ్చాడు. ఏటేటా ఆడపిల్లల పేర్లు, ఎదురుగా లాంగ్‌జంప్ ఎన్ని మీటర్లు, తాడాట ఆగకుండా ఎన్ని, రింగు వరసగా ఎన్నిసార్లు పట్టింది. ఎనిమిదో తరగతిలో నా దూకుడు 2 మీటర్ల 70, పదిలో 3 మీటర్ల 20. పుస్తకమంతా తిరగేశాను. బరువుకు గడి లేదు.

ట్రస్టు పెద్దలకు నా మనవి ఇది. ట్రస్టు నిధి మీద వచ్చే వడ్డీతో ఏటా ఉపన్యాసం, శాలువా, జ్ఞాపిక నడుస్తున్నాయి. వచ్చే ఏడు నుంచి ఆ సొమ్ముతో జగ్గయ్యపేటలో ఒకటి, నందిగామలో ఒకటి, రెండు హైస్కూలు గ్రౌండుల్లో దీపాలు పెట్టించండి. నీళ్ళొచ్చే, లోపల గడియపడే మరుగుదొడ్డి కట్టించండి. అది లేకే సగంమంది పిల్లలు ఆటకు రావడం మానేస్తున్నారు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకే గేటు తీయండి. కాటా పెట్టవద్దు, అద్దం పెట్టవద్దు. హెడ్మాస్టర్లు ఇద్దరూ ముందు వరసలోనే ఉన్నారు. గేటు తాళంచెవి ఏ టీచరు దగ్గర ఉంటుందో ఈ సభ ముగిసేలోపు నిర్ణయించి, ఇక్కడే ప్రకటించమని కోరుతున్నాను.